దూబగుంట పాఠం తిరిగి పెట్టండి, ఈసారి ఊరందరినీ రాయండి

ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తక సంఘం సభ్యులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీల పెద్దలకు,

నమస్కారాలు.

నేను నెల్లూరు జిల్లాలో సోషల్ చెప్పే టీచర్ని. పన్నెండో తరగతి రాజనీతి శాస్త్రం పుస్తకంలోంచి ప్రజా ఉద్యమాల అధ్యాయం తీసేశారు కదా, ఈ ఉత్తరం దాని గురించే. చిప్కో, దళిత్ పాంథర్స్, రైతుల ఆందోళనలు, మత్స్యకారుల పోరాటం, నర్మద, సమాచార హక్కు, వీటన్నిటి మధ్యలో మా జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం కూడా ఆ అధ్యాయంలో ఉండేది. కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గిస్తున్నామని చెప్పి మొత్తం ఎత్తేశారు. పరీక్షకు అన్ని పేజీలు తగ్గాయని సంతోషపడ్డ పిల్లలు ఉంటారు, వాళ్లను నేనేమీ అనను. మీరు మాత్రం దాన్ని తిరిగి పెట్టాలని నా విన్నపం. అయితే ఉన్నది ఉన్నట్టు పెట్టమని అడగడం లేదు.

ముందు చిన్న సవరణ. పాత పాఠంలో 'దూబగుంట లోపలి ప్రాంతంలోని ఒక ఊళ్లో' అనే అర్థం వచ్చేలా రాశారు. దూబగుంటే ఊరండీ. కలిగిరి మండలంలో ఉంది. దాని లోపల ఇంకో ఊరు లేదు.

మీ పుస్తకంలోకి ఊరి పేరు ఒక్కటే చేరింది. మా దగ్గర తిరకాసు వేరేలా ఉంది. సారా ఉద్యమం అనగానే దూబగుంట రోశమ్మ అంటారు, అంతటితో మాట అయిపోతుంది. పోటీ పరీక్షల గైడ్లలో అది ఒక మార్కు ప్రశ్న. టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు పోవడమే. వర్ధినేని రోశమ్మ ఏ పని చేసుకుని బతికింది, ఆవిడ పక్కన ఎవరున్నారు, వాళ్లు ఎవరితో కొట్లాడారు అని అడిగితే డిగ్రీ చదివినవాళ్లు కూడా తెల్లమొహం వేస్తారు. 'ఆవిడ ఒక్కతే అన్ని సారా కొట్లు ఎట్లా మూయించింది మేడమ్?' అని తొమ్మిదో తరగతి పిల్లాడు అడిగాడు. పెద్దవాళ్లకు తట్టని ప్రశ్న అది.

దానికి జవాబు ఒక పాఠ్యపుస్తకంతో మొదలవుతుంది. ఈ ఉత్తరం ఏ ముఖ్యమంత్రికో రాయకుండా మీకు రాయడానికి కారణం కూడా అదే.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం జోరుగా నడిచింది. అక్షరదీపం అన్నారు దాన్ని. పగలంతా కూలి పని చేసి, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లలకు పెట్టి, ఆ తర్వాత పలక పట్టుకుని కూర్చునేవాళ్లు ఆడవాళ్లు. చదువు చెప్పిన వాలంటీర్లకు జీతం లేదు. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి, నాటకాలు వేశాయి. ఆ కార్యక్రమానికి తయారుచేసిన వాచకాల్లో పిల్లల పుస్తకాల్లో ఉండే కాకి, నక్క కథలు పెట్టలేదు. చదివేవాళ్ల ఇళ్లల్లో జరిగేదే పాఠంగా రాశారు. సీతమ్మ కథ అని ఒక పాఠం, తాగుబోతు మొగుడి వల్ల ప్రాణం పోగొట్టుకున్న మనిషి కథ. అది చదివాక క్లాసులో గుణింతాలు పక్కకు పోయి సారా గురించి మాటలు మొదలయ్యాయి. రాత్రి బడిలో ఆడవాళ్లు అంతమంది ఒకచోట, మగవాళ్లు లేకుండా, రోజూ కూర్చోవడం అంతకుముందు ఎప్పుడు జరిగింది? పొలంలో మేస్త్రీ ఉంటాడు, ఇంట్లో అత్త ఉంటుంది. ఇక్కడ ఎవరూ లేరు. నా దృష్టిలో ఉద్యమం పుట్టింది ఆ గంటలోనే.

దూబగుంటలో వాళ్లు కదిలారు. తాగిన మైకంలో చెరువులో పడి మనుషులు పోవడంతో ఇక ఓపిక నశించిందని చెబుతారు. ముందు కల్లు బండిని ఆపారు, తర్వాత సారా జీపును వెనక్కి తిప్పారు, కొట్టు మూయించారు. ఇక్కడిదాకా అది ఒక ఊరి గొడవ. జిల్లా గొడవ కావడానికి మళ్లీ పుస్తకమే సాయం చేసింది. దూబగుంటలో జరిగింది తర్వాతి వాచకంలో పాఠమైంది. ఆడవాళ్లు ఏకమైతే అని ఆ పాఠం పేరు. ఆ వాచకం మిగతా మండలాల రాత్రి బడులకూ వెళ్లింది. అక్కడివాళ్లు కూడబలుక్కుని చదివారు. దూబగుంట ఎక్కడో దూరదేశంలో లేదు, పక్క మండలమే, అదే కూలి రేటు, అవే ప్యాకెట్లు. వాళ్లు చేయగలిగింది మనమెందుకు చేయలేమని లేచారు. సుమారు 5,000 ఊళ్ల ఆడవాళ్లు స్ఫూర్తి పొంది, సభలు పెట్టి, తీర్మానాలు చేసి కలెక్టరుకు పంపారని, నెల్లూరు జిల్లాలో సారా వేలంపాట 17 సార్లు వాయిదా పడిందని రాసింది మీ పుస్తకమే.

సర్కారు అచ్చేసిన పాఠాన్ని చదివినవాళ్లు నిజమని నమ్మి పని మొదలుపెట్టారు. చదువు చెప్పే వృత్తిలో ఉన్న మనకు ఇంతకంటే గొప్ప ఫలితం ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి. అటువంటి ఉద్యమాన్ని భారం కింద లెక్కేసి పుస్తకంలోంచి తీసేశాం.

వేలంపాట సంగతి పిల్లలకు విడమరచి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ఇప్పటి పిల్లలు సారా అంటే అడవిలో దొంగచాటుగా కాచే నాటుసారా అనుకుంటారు. అప్పుడు ఊళ్లను ముంచింది సర్కారు సారా. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి పల్లెలకు చేర్చింది. ఏ ప్రాంతంలో అమ్మే హక్కు ఎవరిదో వేలం వేసేవారు. పాడుకున్న కాంట్రాక్టరు సర్కారుకు కిస్తులు కట్టాలి. ఊరు తాగితేనే కిస్తు కట్టగలడు. అందుకే సరుకు జీపులో ఊరి నడిమధ్యకు వచ్చేది, చేతిలో డబ్బు లేనివాడికి అప్పు మీద కూడా దొరికేది. రాష్ట్ర ఖజానాకు వందల కోట్లు వచ్చేవి. తాగడానికి నీళ్లు సరిగా రాని ఊళ్లకు కూడా ప్యాకెట్లు వేళకు వచ్చేవి.

కాబట్టి ఆ ఆడవాళ్లు మొగుళ్లతో పోట్లాడారని రాసి వదిలేస్తే సగం కథ పోయినట్టే. కాంట్రాక్టరుతో, ఎక్సైజు వాళ్లతో, పోలీసులతో, చివరికి ప్రభుత్వ బడ్జెట్‌తో పోట్లాడారు. వేలం ఆగితే హైదరాబాదులో లెక్క తప్పుతుందని వాళ్లకు తెలిసింది. వేలంపాట రోజు నెల్లూరుకు ఎందుకు పోవాలో ఎవరూ వచ్చి బోధించాల్సిన పని లేకపోయింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరి మొదట్లో కాపలా కాశారు. దొరికిన ప్యాకెట్లు తగలబెట్టారు. తాగొచ్చినవాడికి అన్నం పెట్టేది లేదన్నారు. కొన్నిచోట్ల గుండు కొట్టించి ఊరేగించారు కూడా. ఈ చివరి మాట దగ్గర క్లాసంతా నవ్వుతుంది. నవ్వనిచ్చి, అలా చేయడం సబబేనా అని అడుగుతాను. పీరియడ్ అయిపోయేదాకా వాదించుకుంటారు. పరీక్షకు పనికిరాదు గానీ నాకు ఏడాదిలో నచ్చే క్లాసుల్లో అదొకటి.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో మళ్లీ గెలిచిన ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించారు, 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. ప్యాకెట్లు తెచ్చిన నాయకుడే పదేళ్లు దాటాక సీసాలు కూడా మూయించాల్సి వచ్చింది.

ఇక రోశమ్మ గారి సంగతి.

ఆవిడను తక్కువ చేయాలని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. పేరు మోసిన ఇంట్లో పుట్టలేదు, చదువుకోలేదు, పార్టీ లేదు. ముందు నిలబడింది, మాట్లాడింది. ఆ రోజుల్లో అలా నిలబడటానికి ఎంత గుండె కావాలో ఊళ్లో పుట్టినవాళ్లకు తెలుసు. 2016లో కన్నుమూసేదాకా ఆ పేరును ఆవిడ మోసింది. కానీ ఆవిడ ఒక్కరి ముఖమే మనకు మిగలడానికి కారణాలు ఆవిడలో లేవు, మనలో ఉన్నాయి. పత్రికలు ఆ ఉద్యమానికి చాలా చేశాయి. ఈనాడు 'సారాపై సమరం' పేరుతో రోజూ ప్రత్యేకంగా వార్తలు వేసింది, ఆ వార్తలు చదివి కదిలిన ఊళ్లు కూడా ఉన్నాయి. అయినా పత్రికకు ఫొటో కావాలి, ఫొటోలో అన్ని వేల ఊళ్లు పట్టవు. సభకు వక్త కావాలి. పార్టీకి వేదిక మీద కూర్చోబెట్టడానికి ఒక మనిషి కావాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఫొటోలో పక్కనున్నవాళ్లు అంచుల నుంచి తెగిపోతూ వచ్చారు.

తెగిపోయినవాళ్లు ఎవరు? ఎక్కువమంది కూలికి పోయే దళిత, వెనుకబడిన కులాల ఆడవాళ్లు. రూపాయి తీసుకోకుండా రాత్రి బడులు నడిపిన కుర్రవాళ్లు, ఆడపిల్లలు. సారా జీపును ఆపి ఇంటికి వెళ్లాక ఆ రాత్రి తన్నులు తిన్నవాళ్లు. నలుగురిలో మొగుడిని నిలదీసి, తర్వాత అదే మొగుడితో ముప్పై ఏళ్లు కాపురం చేసినవాళ్లు. నన్నడిగితే అసలు కష్టం ఈ చివరివాళ్లది. జీపు ఆపడం ఒక్క పూట పని.

ఒక మనిషిని గుర్తుగా నిలబెట్టుకోవడంలో పాలకులకు ఒక సౌకర్యం ఉంది. ఒక్కరైతే శాలువా కప్పవచ్చు, పురస్కారం ఇవ్వవచ్చు, విగ్రహం పెట్టవచ్చు. ఐదు వేల ఊళ్లు అడిగినదానికి శాలువా కప్పడం కుదరదు, అడిగింది ఇవ్వాల్సి ఉంటుంది. తెలంగాణ రైతాంగ పోరాటంలో నిలబడిన చాకలి ఐలమ్మ పేరును 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు, మంచి పని చేశారు. ఐలమ్మ పొలం మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులొస్తే ఆమె పంట ఇంటికి చేరింది సంఘం (ఆంధ్ర మహాసభను ఊళ్లలో అలా పిలిచేవారు) కార్యకర్తలు కావలి కాసి, కోసి మోసుకొచ్చినందుకు. ఆ విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలకు సంఘం అంటే ఏమిటో తెలియకపోతే గేటు మీద పేరు ఏం చెబుతుంది?

ఇది తెలుగువాళ్ల జబ్బు ఒక్కటే కాదు లెండి. అమెరికాలో రోజా పార్క్స్ కథ మన ఇంగ్లీషు వాచకాల్లో కూడా చూశాను: బట్టలు కుట్టుకునే ఒక నల్లజాతి స్త్రీ, పని చేసి అలిసిపోయి, బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనంది, దేశం మారిపోయింది. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీలో సీటు ఇవ్వనన్న ఆవిడ అప్పటికే పౌరహక్కుల సంఘం స్థానిక శాఖకు కార్యదర్శిగా పనిచేస్తున్న మనిషి. అంతకు తొమ్మిది నెలల ముందే క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల అమ్మాయి అదే ఊళ్లో అదే కారణానికి అరెస్టయింది. పార్క్స్ అరెస్టయిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు తెల్లారేదాకా వేల కరపత్రాలు తీసింది. ఆ తర్వాత 381 రోజులు జనం బస్సెక్కలేదు. పనికి నడిచి పోయారు, కార్లు పంచుకున్నారు. బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని తీర్పు వచ్చిన కేసు వేసినవాళ్లలో పార్క్స్ లేదు, కాల్విన్ ఉంది. ఇవన్నీ తీసేసి 'అలిసిపోయింది' అని ఒక ముక్క రాస్తే, ఏళ్ల తరబడి సిద్ధమైన మనిషిని కాళ్లనొప్పుల మనిషిగా చేసినట్టు.

ప్రభుత్వాన్నే కూల్చిన ట్యునీషియా తిరుగుబాటుకు మొదలుగా చెప్పే కథ ఇంకా ఇబ్బందికరం. 2010 డిసెంబరు 17న సీదీ బూజీద్‌లో ఒంటికి నిప్పంటించుకున్న పండ్ల వ్యాపారి మహమ్మద్ బువజీజీని మొదట్లో చాలా వార్తలు ఉద్యోగం దొరకని పట్టభద్రుడని రాశాయి. ఆయన హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. కథకు పట్టభద్రుడు బాగుంటాడు కాబట్టి పట్టభద్రుణ్ని చేశారు. కథకు దుర్మార్గురాలు కూడా కావాలి. బండి దగ్గర ఆయన్ను చెంపదెబ్బ కొట్టిందని మున్సిపాలిటీ ఉద్యోగిని ఒకామెను జైల్లో పెట్టారు. కొన్ని నెలల తర్వాత, 2011 ఏప్రిల్‌లో, కోర్టు ఆమెను నిర్దోషిగా వదిలేసింది. అప్పటికి ప్రపంచమంతా ఆ చెంపదెబ్బను చదివేసింది. ఒక మామూలు మనిషిని గుర్తుగా చేసే తొందరలో ఇంకో మామూలు మనిషిని నలిపేయడం కూడా జరుగుతుంది, పాఠాలు రాసేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి.

మా జిల్లాకు వస్తాను. తిరిగి రాసే పాఠం 1995 దగ్గర, గెలిచాం అని ఆగిపోకూడదని నా కోరిక. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఖజానాకు ఆదాయం పోయింది, పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు వచ్చింది, నాటుసారా పెరిగింది అని ప్రభుత్వం కారణాలు చెప్పింది. వాటిలో నిజం లేదని నేను అనను. నిషేధం పెడితే తాగుడు పోతుందని నేను నమ్మను కూడా. కానీ అది క్లాసులో వాదించుకోవాల్సిన విషయం. ఆ తర్వాత వచ్చినవి కూడా రాయండి, బెల్టు షాపులు, ప్రభుత్వమే దుకాణాలు నడిపిన ఏళ్లు, మళ్లీ ప్రైవేటు, లైసెన్సులకు లాటరీ. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన కొత్త మద్యం విధానంలో 99 రూపాయల క్వార్టర్ సీసా ఒక ఆకర్షణ. నాడు ప్యాకెట్టు, నేడు క్వార్టర్, పేదవాడి జేబు కొలిచి ధర పెట్టడంలో మనవాళ్లకు మంచి అనుభవం.

ఇంకొకటి దాదాపు ఎవరూ చెప్పరు. సారా కొట్టుకు పోని డబ్బు ఏమైంది? 1993లో నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి మొదలైంది, రోజుకో రూపాయి దాచే సంఘాలు. రాత్రి బడిలో కలిసి కూర్చున్నవాళ్లే, జీపు ఆపినవాళ్లే పొదుపు దగ్గర మళ్లీ కలిశారు. ఈరోజు రెండు రాష్ట్రాల్లో డ్వాక్రా మీటింగుకు పోయే మా పిల్లల అమ్మలకు ఈ చుట్టరికం తెలియదు. తెలిస్తే ఆ మీటింగులో సంతకం పెట్టి లోను తీసుకుని రావడంతో పాటు ఇంకేమైనా మాట్లాడతారేమో, చెప్పలేను. లోను కిస్తు కట్టడమే పెద్ద టెన్షన్ వాళ్లకు.

ఈ పాఠం ఎలా ఉండాలో నా మనసులో ఉన్నది చెబుతాను. ఆడవాళ్లు ఏకమైతే పాఠాన్ని వాచకంలో ఉన్నట్టే, ఆ పెద్ద అక్షరాలతోనే అచ్చు వేయండి. కొత్తగా అక్షరాలు నేర్చినవాళ్ల కోసం రాసిన చిన్న వాక్యాలవి, పన్నెండో తరగతి పిల్లలకు భారం కావు. దాని పక్కన ఒక వేలంపాట లెక్క ఇవ్వండి: కాంట్రాక్టరు ఇంత కిస్తు కట్టాలంటే ఊళ్లో ఎన్ని ప్యాకెట్లు తాగాలి, రోజు కూలిలో ఎంత పోవాలి. మా పిల్లలు అది కాగితం మీద వేసుకుంటే ఉద్యమం కారణాలు బట్టీ పట్టాల్సిన పని ఉండదు. రోశమ్మ గారి ఫొటో వేయండి, తప్పకుండా. కింద 'నాయకురాలు' అని రాసి వదిలేయకుండా, దూబగుంట ఆడవాళ్లలో ఒకరని, ఆ ఊరిని ప్రపంచానికి పరిచయం చేసిన మనిషని రాయండి. వాలంటీర్ల గురించి ఒక పేరా ఉండాలి. దెబ్బలు తిన్నవాళ్ల గురించి కూడా ఉండాలి, పేర్లు అక్కర్లేదు.

అందుకోసం ఎవరో ఒకరు వచ్చి అడిగి రాసుకోవాలి. అప్పుడు ఇరవై ఏళ్ల కోడళ్లు ఇప్పుడు యాభైల్లో ఉన్నారు, నలభైల్లో ఉన్నవాళ్లకు డెబ్బై దాటాయి. ముందు నడిచినవాళ్లలో చాలామంది పోయారు. అక్షరదీపం వాచకాలు, తీర్మానాల కాగితాలు జిల్లాలో ఏ బీరువాలో ఉన్నాయో వెతకమని కలెక్టరేటుకు ఒక లేఖ రాయండి, మీరు రాస్తే కదులుతారు. మాలాంటి టీచర్లు అడిగితే ఆ సెక్షన్ కాదు, ఈ సెక్షన్ అంటారు.

మీ సంఘం నుంచి ఎవరైనా కలిగిరి మండలానికి వస్తానంటే నాలాంటి సోషల్ టీచర్లు వెంట రావడానికి సిద్ధంగా ఉన్నారు. సాయంత్రం దీపాలు పెట్టాక రండి, పగలు పనికి పోతారు కాబట్టి ఎవరూ దొరకరు. ఒక్కర్ని పిలిచి ఇంటర్వ్యూ చేస్తే మాట్లాడరు, నలుగురిని ఒకచోట కూర్చోబెట్టి అడగండి, అప్పుడు ఒకరి మాట మీద ఒకరు పడి చెబుతారు. తెలుగు వచ్చినవాళ్లనే పంపండి, దుబాసీ వద్దు.

ఇట్లు,
నెల్లూరు జిల్లా నుంచి ఒక సోషల్ టీచర్